ముసాఫిర్ ఎవరు? – చరిత్ర చెప్పే పాఠం

మన సొసైటీ వార్షిక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం రాసి ఇమ్మని కార్యదర్శి గారు అడిగినప్పుడు, మొదట గోల్కొండ కోట గురించి రాద్దామనుకున్నాను. ఏటా పిల్లలకు చెప్పే పాఠమే గనుక పెద్ద కష్టం లేదు. కాని పోయిన రంజాన్‌కు ముందు మా మొహల్లా మసీదు దగ్గర జరిగిన ఒక చిన్న సంగతి నా మనసులో ముల్లులా గుచ్చుకుని ఉంది. అందుచేత గోల్కొండను వచ్చే ఏటికి వాయిదా వేసి, ఆ ముల్లు గురించే రాస్తున్నాను.

ఒకరోజు అసర్ నమాజు అయి బయటికి వస్తున్నాం. గేటు దగ్గర ఒక మనిషి నిలబడి ఉన్నాడు. గళ్ల లుంగీ, సిమెంటు మరకల చొక్కా, భుజం మీద వాడిపోయిన మూడేళ్ల పిల్ల. ఆయన మాట మాకు సరిగా అర్థం కాలేదు. ఉర్దూ కాదు, తెలుగు కాదు. మాలో ఒకరు "ఎక్కడివాడివి?" అన్నారు. ఇంకొకరు "ఆధార్ కార్డు ఉందా?" అన్నారు. నేనూ ఊరుకోలేదు. పంతులు బుద్ధి ఎక్కడికి పోతుంది? "నీ పేరు చెప్పు, తండ్రి పేరు చెప్పు" అని క్లాసులో హాజరు వేసినట్టు అడిగాను. ఇట్లా పది నిమిషాలు గడిచాయి. చివరికి పక్కన టీ కొట్టు నడిపే ముసలాయన వచ్చి, ఏమీ అడగకుండా, పిల్లకు గ్లాసుతో నీళ్లు తాగించి, నుదుటి మీద చెయ్యి వేసి చూసి, "డాక్టరు కావాలా నాయనా?" అని సైగ చేశాడు. ఆ మనిషి గబగబా తల ఊపాడు. అంతే సంగతి! దగ్గరలో కడుతున్న అపార్టుమెంటులో పనికి వచ్చిన తాపీ మేస్త్రీ. పిల్లకు జ్వరం. డాక్టరు ఎక్కడుంటాడో అడగడానికి వచ్చాడు.

అతని మతమేమిటో నాకు ఈనాటికీ తెలియదు. ఆనాడు మాత్రం మేమందరం మొదట తెలుసుకోవాలని చూసింది అదే.

మనం ఒకచోట చేరితే సాధారణంగా ఏమని చెప్పుకుంటాం? "అద్దెకు ఇల్లు అడిగితే పేరు వినగానే ఖాళీ లేదంటారు, రైల్లో టోపీ చూసి పక్కకు జరుగుతారు" అని బాధపడతాం. ఆ బాధ నిజమైనదే. కాని మన గుమ్మం ముందు ఒక తెలియని మనిషి నిలబడితే మనం చేసిందేమిటి? ఈ ప్రశ్న పట్టుకుని నాకు తెలిసిన చరిత్ర పుటలు తిరగేశాను. తేలింది ఒకటే. పరాయి దేశం వెళ్లిన మనిషికి దక్కిన ఆదరణగాని, అవమానంగాని, చాలాసార్లు అతని గుణం చూసి దక్కలేదు. వాళ్లు అతన్ని ఎవరనుకున్నారో దాన్నిబట్టి దక్కింది. ఆ ముచ్చట్లు కొన్ని చెబుతాను.

సింధు నది ఒడ్డున

మొరాకో దేశంలోని టాంజియర్ పట్టణంలో 1304లో పుట్టిన ఇబ్న్ బతూతా పేరు మన పిల్లలకు కూడా తెలుసు. 1325లో హజ్ చేద్దామని ఇల్లు విడిచి, దాదాపు ముప్ఫై ఏళ్లు దేశాలు తిరిగాడు. అతను నేటి టర్కీ ప్రాంతంలోని లాదిఖ్ అనే ఊరికి చేరినప్పుడు ఒక వింత జరిగింది. బజారులో కొందరు దుకాణాల్లోనుంచి లేచి వచ్చి ఇతని గుర్రాల కళ్లేలు పట్టుకున్నారు. ఇంకో గుంపు వచ్చి వాళ్లను అడ్డుకుంది. కత్తులు కూడా దూశారు. భాష తెలియని ఇబ్న్ బతూతా, వీళ్లు దారిదోపిడీ దొంగలు, ఇక మన పని అయిపోయింది అనుకున్నాడు. అరబ్బీ తెలిసిన ఒక హాజీ వచ్చి అసలు సంగతి విడమరచి చెప్పాడు. వాళ్లు "అఖీ" అనే సోదర సంఘాల యువకులు. ముసాఫిర్లకు ఆతిథ్యం ఇవ్వడమే ఆ సంఘాల పని. ఈ మెహమాన్ మాకు కావాలంటే మాకు కావాలని రెండు సంఘాల వాళ్లూ కొట్లాడుకుంటున్నారు! చివరికి చీట్లు వేసి తేల్చుకున్నారు. చూడండి, ఇంటివాడే కాదు, వచ్చినవాడు కూడా పొరపాటు పడతాడు. తెల్లనివన్నీ పాలు కావు, నల్లనివన్నీ నీళ్లు కావు.

తరువాత 1333లో అతను సింధు నది చేరాడు. ఆనాడు ఢిల్లీలో ముహమ్మద్ బిన్ తుగ్లక్ రాజ్యం. సరిహద్దులో వార్తలు రాసే ఉద్యోగులు ఉండేవారు. ఎవరు కొత్తగా వచ్చినా అతని రూపం, దుస్తులు, వెంట ఉన్న నౌకర్లు, గుర్రాలు అన్నీ కాగితం మీద రాసి సుల్తానుకు పంపేవారు. మనిషి ఢిల్లీ చేరకముందే అతని గురించిన రాత దర్బారు చేరేది. ఆ రాతను బట్టే మర్యాద. పరదేశీయులంటే సుల్తానుకు మహా ఇష్టం. వాళ్లను పరాయివాళ్లు అనవద్దు, "అజీజ్" అని పిలవమని ఆజ్ఞాపించాడు. సుల్తాను తను పుచ్చుకున్న కానుకకు ఎన్నో రెట్లు తిరిగి ఇస్తాడని తెలిసి, కొత్తగా వచ్చినవాళ్లకు కానుకలు కొనడానికి అప్పులిచ్చే వర్తకులు కూడా తయారయ్యారు.

ఇబ్న్ బతూతాకు సుల్తాను ఏడాదికి 12,000 దీనార్ల జీతంతో ఢిల్లీ ఖాజీ పదవి ఇచ్చాడు. "హుజూర్, నేను మాలికీ మజ్‌హబ్ వాణ్ణి, ఇక్కడివారు హనఫీలు, పైగా నాకు ఇక్కడి భాష రాదు" అని ఇతను చెప్పుకున్నా, ఇద్దరు సహాయకులను పక్కన పెట్టి మరీ ఆ కుర్చీలో కూర్చోబెట్టాడు. పొరుగింటి పుల్లకూర రుచి అన్నట్లు, భాష వచ్చిన స్థానిక విద్వాంసులు ఎందరో ఉండగా దూరం నుంచి వచ్చినవాడే పెద్దవాడిగా కనిపించాడు.

అయితే ఆ మర్యాద ఎంత గట్టిది? కొన్నేళ్లకు ఒక సూఫీ షేక్ మీద సుల్తానుకు కోపం వచ్చింది. ఆయన్ని చూడడానికి ఎవరెవరు పోయారో విచారిస్తే, అందులో ఇబ్న్ బతూతా పేరు కూడా వచ్చింది. వెంటనే ఇతని చుట్టూ కాపలా పెట్టారు. ఇతను రోజాలు ఉండి, దుఆ చేస్తూ, ప్రాణం మీద ఆశ వదులుకున్నాడు. తరువాత సుల్తాను మనసు మారి చీనాకు రాయబారిగా పంపాడనుకోండి, అది వేరే సంగతి. అదే మనిషి, అదే దర్బారు. కాగితం మీద ఒక మాట మారగానే నిన్నటి అజీజ్ ఇవాళ అనుమానితుడు అయ్యాడు.

జున్నార్‌లో పోయిన గుర్రం

రెండో ముచ్చట మన దక్కన్‌ది. 1957లో వచ్చిన "పర్‌దేశీ" అనే హిందీ సినిమా మన పెద్దవాళ్లలో కొందరు చూసే ఉంటారు. ఖ్వాజా అహ్మద్ అబ్బాస్ గారు రష్యావాళ్లతో కలిసి తీసిన ఆ సినిమా కథానాయకుడు నిజంగా ఉన్న మనిషే. పేరు అఫనాసీ నికితిన్. రష్యాలోని త్వేర్ పట్టణపు వర్తకుడు. వాస్కో డ గామా 1498లో కాలికట్ చేరడానికి పాతికేళ్లకు పైగా ముందే ఇతను మన దేశం చూసి వెళ్లాడు.

ఓల్గా నది మీద వస్తుండగా దోపిడీ జరిగి సరుకంతా పోయింది. అప్పుల భయంతో ఇంటికి తిరిగి పోలేక, కాస్పియన్ సముద్రం దాటి, ఇరాన్ మీదుగా హుర్ముజ్ చేరి, ఓడ ఎక్కి, 1470 ప్రాంతంలో కొంకణ తీరాన చౌల్ రేవులో దిగాడు. దక్కన్‌లో మంచి గుర్రాలు పుట్టవు, అరబ్బు, ఇరాన్ గుర్రాలకు ఇక్కడ గిరాకీ ఎక్కువ అని విని, ఒక మగ గుర్రాన్ని వెంట తెచ్చుకున్నాడు. దాన్ని ఇక్కడికి చేర్చడానికి 100 రూబుళ్లు ఖర్చయిందని రాసుకున్నాడు. అతని ఆస్తి అంతా ఆ గుర్రమే.

ఆనాడు బీదర్ రాజధానిగా బహమనీ సుల్తానుల రాజ్యం. నికితిన్ గమనించిన ముఖ్యమైన సంగతి ఏమంటే, ఇక్కడ అమీర్లుగా, అధికారులుగా ఉన్నవాళ్లు ఎక్కువగా ఖురాసాన్ నుంచి వచ్చినవాళ్లు. అంటే ఖురాసానీ అన్న పేరుకు ఇక్కడ విలువ ఉంది. అందుకే కాబోలు అతను ఈ దేశంలో "ఖాజా యూసుఫ్ ఖురాసానీ" అనే పేరు పెట్టుకున్నాడు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిన కూర్చున్నా ఫరవాలేదు కదా!

కాని జున్నార్‌లో ఆ పేరు నిలవలేదు. అక్కడి అధికారి అసద్ ఖాన్‌కు, ఇతను ముస్లిం కాదు, రష్యా దేశపు క్రైస్తవుడు అని తెలిసింది. గుర్రాన్ని పట్టించుకున్నాడు. "మా దీన్ స్వీకరిస్తే గుర్రంతోపాటు వెయ్యి బంగారు నాణేలు ఇస్తాను. లేకపోతే గుర్రమూ పోతుంది, వెయ్యి నాణేల జుర్మానా కూడా కట్టాలి" అని నాలుగు రోజుల గడువు పెట్టాడు. గుర్రం మారలేదు, మనిషి మారలేదు. అతని మీద అంటించిన చీటీ మాత్రం మారింది. దీన్ విషయంలో బలవంతం కూడదన్నది మనకున్న ఆజ్ఞ అయినా, ఆ అధికారి దాన్ని మరిచాడు. మనవాడు చేశాడు కాబట్టి చెప్పకుండా దాటవేస్తే అది చరిత్ర అనిపించుకోదు.

అయితే ఆ కథను చక్కదిద్దినవాడు కూడా ముస్లిమే. గడువు ముగియబోతున్న సమయంలో ఖాజా ముహమ్మద్ అనే ఖురాసానీ పెద్దమనిషి ఆ ఊరికి వచ్చాడు. నికితిన్ ఆయన్ని ఆశ్రయించి మొరపెట్టుకున్నాడు. ఆయన ఖాన్ దగ్గరికి స్వయంగా వెళ్లి మాట్లాడి, మతం మార్చే మాట మాన్పించి, గుర్రాన్ని తిరిగి ఇప్పించాడు. నిజమైన ఖురాసానీ వచ్చి, ఉత్తుత్తి ఖురాసానీని కాపాడాడు! నువ్వు మావాడివి కానప్పుడు మా పేరు ఎందుకు పెట్టుకున్నావని ఆయన తగాదా పెట్టుకోలేదు. అన్యాయం జరుగుతున్నదా లేదా అని మాత్రమే చూశాడు.

అక్కడినుంచి నికితిన్ బీదర్ చేరి గుర్రాన్ని అమ్ముకున్నాడు. ఇక్కడ అసలైన మలుపు ఉంది. బీదర్‌లో చాలామంది హిందువులతో పరిచయం అయ్యాక, తన అసలు సంగతి తానే చెప్పేశాడు. నేను ముసల్మానును కాను, క్రైస్తవుణ్ణి, నా పేరు అఫనాసీ, ఇక్కడ యూసుఫ్ అంటారు అన్నాడు. అప్పటినుంచి వాళ్లు తనదగ్గర ఏదీ దాచలేదని అతనే రాశాడు. తిండి సంగతి, వ్యాపారం సంగతి, పూజ సంగతి అన్నీ చెప్పారు. ఇంట్లో ఆడవాళ్లను కూడా అతనినుంచి దాచలేదు. వాళ్లతో కలిసి నెల రోజుల ప్రయాణం చేసి శివరాత్రి తిరునాళ్లకు "పర్వత్" అనే క్షేత్రం వెళ్లాడు. అది మన శ్రీశైలమేనని చరిత్రకారులు గుర్తించారు. అక్కడి గుడిని అతను "బుత్‌ఖానా" అన్న మన మాటతోనే రాశాడు. గుండు చేయించుకునే యాత్రికులను, నల్లరాతి నందిని కళ్లకు కట్టినట్టు వర్ణించాడు. ముసల్మానులకు మక్కా ఎట్లాగో, క్రైస్తవులకు జెరూసలేం ఎట్లాగో, హిందువులకు ఈ పర్వతం అట్లా అని తన దేశస్థులకు అర్థమయ్యేలా చెప్పాడు. ఇరుగుపొరుగును అర్థం చేసుకోవడమంటే ఇదే.

అతని ధార్మిక పుస్తకాలు దోపిడీలోనే పోయాయి. తన పండుగలు ఎప్పుడో లెక్క తప్పిపోయి, మన రంజాన్ రోజుల్లో మనవాళ్లతోపాటు తనూ ఉపవాసం ఉన్నాడు. అతని రాతల్లో రష్యన్ భాష మధ్యలో తుర్కీ, ఫార్సీ, అరబ్బీ మాటలు కలిసిపోయి ఉంటాయి. చివరి పంక్తుల్లో అల్లాహ్ పేర్లతో అరబ్బీ దుఆ ఉంది. తిరుగు ప్రయాణంలో సొంత ఊరు చేరకుండానే స్మోలెన్స్క్ దగ్గర చనిపోయాడు. ఆ కాగితాలు మాత్రం 1475లో మాస్కో చేరాయి. 1955లో త్వేర్ పట్టణంలో అతని విగ్రహం నిలబెట్టారు.

గవాన్ ముద్ర

నికితిన్ బీదర్‌లో ఉన్న రోజుల్లో అక్కడ వజీరుగా ఉన్నది మహమూద్ గవాన్. ఆయనా పరదేశే. ఇరాన్‌లోని గీలాన్ ఆయన సొంత ప్రాంతం. 1453లో వ్యాపారం కోసం దాభోల్ రేవులో దిగి, బీదర్ వచ్చి, దర్బారు కొలువులో చేరాడు. మన నల్లగొండలో జరిగిన తిరుగుబాటును అణచడానికి సుల్తాను ఆయన్నే పంపాడు. తరువాత "మలికుత్తుజ్జార్", అంటే వర్తకుల రాజు, అనే బిరుదు పొంది, చివరికి రాజ్యభారమంతా మోశాడు. 1472లో గోవా జయించాడు. అదే ఏట బీదర్‌లో పెద్ద మదర్సా కట్టించాడు. మూడంతస్తుల ఆ కట్టడం 1696లో మందుగుండు పేలి చాలావరకు పడిపోయినా, మిగిలిన గోడలమీద నీలం, పచ్చ పెంకులు ఇంకా కనిపిస్తాయి. మా స్కూలు పిల్లలను ఒకసారి అక్కడికి తీసుకువెళ్లాను. "సార్, ఇంత పెద్ద స్కూలు కట్టిన ఆయన ఎట్లా చనిపోయాడు?" అని ఒక అబ్బాయి అడిగాడు. జవాబు చెప్పడానికి నాకు గొంతు పట్టేసింది.

బహమనీ దర్బారులో రెండు వర్గాలు. ఇక్కడే స్థిరపడ్డవాళ్లు దక్కనీలు. సముద్రం దాటి కొత్తగా వచ్చినవాళ్లు ఆఫాకీలు. ఇద్దరూ ముసల్మానులే. అయినా ఒకరంటే ఒకరికి పడదు. గవాన్ ఇద్దరికీ పదవులు సమంగా పంచాలని చూశాడు. నాలుగు సూబాలను ఎనిమిది చేశాడు. మన తెలంగాణా సూబాను వరంగల్, రాజమహేంద్రి అని రెండుగా విడగొట్టింది అప్పుడే. ఒక్కొక్క అధికారి చేతిలో ఒక్క కోటే ఉండాలన్నాడు. దీనితో పెద్ద పెద్ద అమీర్ల అధికారం తగ్గి, వాళ్లకు కడుపుమంట మొదలైంది.

గవాన్ ముద్ర భద్రపరిచే నౌకరును మంచి చేసుకుని, ఒక ఖాళీ కాగితం మీద ముద్ర వేయించారు. ఒరిస్సా గజపతి రాజును దండెత్తి రమ్మని గవాన్ పిలిచినట్టు దానిమీద రాశారు. అప్పుడు సుల్తాను మూడవ ముహమ్మద్ షా మన విజయవాడ దగ్గరి కొండపల్లిలో మకాం వేసి ఉన్నాడు. తాగిన మత్తులో ఉండగా ఆ ఉత్తరం ఆయనకు చూపించారు. గవాన్‌ను పిలిపించి అడిగితే, "ముద్ర నాదే, రాత నాది కాదు" అన్నాడు. ఎవరు రాశారు, ఎవరు తెచ్చారు అని విచారణే లేదు. 1481 ఏప్రిల్ 5న, డెబ్బై ఏళ్ల ఆ వృద్ధుణ్ణి అక్కడికక్కడే తల తీయించారు.

ఆలోచించండి. ఆయన ఈ గడ్డమీద దాదాపు ఇరవై ఎనిమిది సంవత్సరాలు పనిచేశాడు. ముగ్గురు నలుగురు సుల్తానులకు సేవ చేశాడు. అయినా ఒక్క దొంగ ఉత్తరం రాగానే, "ఎంతైనా బయటివాడు కదా, శత్రువుతో కలిసి ఉంటాడు" అన్నమాట నమ్మడం తేలికైపోయింది. తనను ఒకప్పుడు పైకి తెచ్చిన ఆఫాకీ అన్న పేరే ఆఖరికి ఆయన మెడ మీద కత్తి అయింది. ఆ మరుసటి ఏడే, 1482లో, సుల్తానూ చనిపోయాడు. తరువాతి కాలంలో రాజ్యం ముక్కలై బీజాపూర్, అహ్మద్‌నగర్, బేరార్, బీదర్, గోల్కొండ అని అయిదు సల్తనతులు లేచాయి. మనిషిని చూడకుండా ముద్రను చూసిన తప్పుకు ఒక రాజ్యమే మూల్యం చెల్లించింది.

నజాషీ దర్బారు

ఇక మనకందరికీ తెలిసిన ఘటన. చిన్నప్పటినుంచి వింటున్నదే అయినా, ఈ కోణంలోనుంచి మరొక్కసారి చూద్దాం.

615 ప్రాంతంలో, మక్కాలో హింస భరించలేక, ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) సలహాపై కొందరు ముస్లిములు ఎర్ర సముద్రం దాటి హబషా దేశం వెళ్లారు. మొదట కొద్దిమందే. రెండవ దఫాలో ఎనభై మందికి పైగా పురుషులు, వారితోపాటు స్త్రీలు. ఆ దేశపు రాజు నజాషీ క్రైస్తవుడు. వచ్చినవాళ్ల భాష వేరు, ఆచారం వేరు, చేతిలో పైసా లేదు, వెనుక తెగ బలం లేదు.

వాళ్ల వెనుకే ఖురైషు రాయబారులు ఇద్దరు తోలు సామాన్ల కానుకలతో దిగారు. అందులో ఒకరు అమ్ర్ బిన్ ఆస్. మొదట దర్బారు పెద్దలను, మతగురువులను ఒక్కొక్కరినీ కలిసి కానుకలు ముట్టజెప్పారు. వీళ్లు మా ఊరి తెలివితక్కువ కుర్రాళ్లు, తాతల మతం వదిలారు, మీ మతంలోనూ చేరలేదు, వీళ్ల మాట వినకుండానే మాకు అప్పగించేలా చూడండి అని చెప్పారు. గమనించారా? వాళ్లు అడిగింది అప్పగించమని మాత్రమే కాదు, వినకుండా అప్పగించమని. చీటీ మేము అంటించాం, మీరు దాన్నే చదవండి, మనిషిని చూడొద్దు అని దాని అర్థం.

పెద్దలందరూ ఆ మాటకు సై అన్నారు. నజాషీ మాత్రం ఒప్పుకోలేదు. ఇంతమంది రాజులుండగా నన్నే నమ్ముకుని నా గడ్డమీదికి వచ్చినవాళ్లను, వాళ్ల మాట వినకుండా అప్పగించను అన్నాడు. అందరినీ పిలిపించి, మీ దీన్ ఏమిటని అడిగాడు. హజ్రత్ జాఫర్ బిన్ అబీ తాలిబ్ (రజి.) లేచి, తాము ఇదివరకు ఎట్లా బతికేవాళ్లమో, ప్రవక్త తమకు ఏం నేర్పారో, తమకు ఏ బాధలు కలిగాయో ఉన్నది ఉన్నట్టు చెప్పారు. సూరా మర్యమ్‌లోని ఆయతులు వినిపించారు. రాజుకు, మతగురువులకు కన్నీళ్లు వచ్చాయి.

మరునాడు రాయబారులు ఇంకో ఎత్తు వేశారు. వీళ్లు మీ ఈసా గురించి ఏమంటారో అడగండి అన్నారు. అంటే, వాళ్లు మీవాళ్లు కారు అని రుజువు చేసే ప్రయత్నం. జాఫర్ (రజి.) రాజుకు నచ్చే మాట వెతకలేదు, భయపడి దాచలేదు, తమ నమ్మకం ఏదో అదే చెప్పారు. నజాషీ నేలమీదినుంచి ఒక పుల్ల తీసుకుని, మీరు చెప్పినదానికి, మేము నమ్మేదానికి ఈ పుల్లంత తేడా కూడా లేదు అన్న భావంతో మాట్లాడి, కానుకలు వాపసు ఇచ్చి, వచ్చినవాళ్లకు అభయం ఇచ్చాడు. ఈ సంగతంతా అక్కడే ఉండి కళ్లారా చూసిన ఉమ్మె సల్మా (రజి.) ద్వారా మనకు తెలిసింది. వారిలో కొందరు 628 దాకా, అంటే పన్నెండు పదమూడు ఏళ్లు, ఆ దేశంలోనే క్షేమంగా ఉన్నారు. నజాషీ చనిపోయాడని తెలిసినప్పుడు ప్రవక్త (స) మదీనాలో ఆయనకు గాయబానా జనాజా నమాజు చదివించారు. అభయాన్ని ఎదిరించిన అమ్ర్ బిన్ ఆస్ (రజి.) కూడా తరువాతి రోజుల్లో ఇస్లాంలోకి వచ్చారు. ఆనాటి చీటీతో ఆయన్నీ కొలిచి తలుపు మూసి ఉంటే ఏమయ్యేది?

నజాషీ గొప్పతనం దేనిలో ఉంది? వచ్చినవాళ్లు తనవాళ్లే అనుకుని ఆదరించలేదు. ఎవరో తెలియకుండానే మొదటి ఆశ్రయం ఇచ్చాడు, తరువాత అడిగాడు, విన్నాడు, విన్నదాన్నిబట్టి తీర్పు చెప్పాడు. తుగ్లక్ కాగితం చూశాడు. అసద్ ఖాన్ మతం చూశాడు. బహమనీ సుల్తాను ముద్ర చూశాడు. నజాషీ మనిషిని చూశాడు.

కాగితాల కాలం

ఇప్పుడు మనం కాగితాల కాలంలో ఉన్నాం. మొదటి ప్రపంచ యుద్ధం 1914లో మొదలైనప్పటినుంచి యూరపు దేశాలు పాస్‌పోర్టు లేనిదే ఎవరినీ రానివ్వడం మానేశాయి. యుద్ధం అయ్యాక, 1920లో పారిస్‌లో నానాజాతి సమితి సభ జరిపి, పాస్‌పోర్టు ఫలానా పుస్తకం రూపంలో ఉండాలని నిర్ణయించారు. రష్యా విప్లవం తరువాత దేశమే లేకుండాపోయిన లక్షలమందికి, నార్వే దేశస్థుడు నాన్సెన్ గారి కృషివల్ల 1922లో ఒక ప్రత్యేక పత్రం ఏర్పాటు చేశారు. దాన్ని నాన్సెన్ పాస్‌పోర్టు అంటారు. ఒకనాడు నికితిన్ మన దేశంలో పేరు మార్చుకుని తిరగవలసి వచ్చింది. అతని దేశస్థులకే నాలుగున్నర శతాబ్దాల తరువాత పేరు నిలుపుకోవడానికి ఒక కాగితం దొరికింది. 1951లో జెనీవాలో శరణార్థుల ఒప్పందం కుదిరింది. ప్రాణభయంతో వచ్చినవాణ్ణి తిరిగి ఆ భయంలోకే నెట్టరాదన్నది అందులోని ముఖ్య సూత్రం. నజాషీ ఏ ఒప్పందం మీదా సంతకం పెట్టకుండానే ఆ పని చేశాడు.

కాగితం అక్కర్లేదని నేను అనడంలేదు. స్కూలు నడిపేవాడికి రిజిస్టరు విలువ తెలుసు. మోసగాళ్లు ఉన్నారు, విచారించుకోవాలి. ఎవరైనా ఒక వార్త తెస్తే విచారించకుండా నమ్మవద్దన్నది మన దీన్ నేర్పిన పాఠమే. కాని విచారణ వేరు, ముందే తీర్పు చెప్పేయడం వేరు. మన ఇళ్లనుంచి కూడా ఎందరో పిల్లలు సౌదీ, దుబాయి, కువైట్ వెళ్లారు. విమానం దిగి కౌంటరు ముందు నిలబడ్డప్పుడు, అవతలి మనిషి పాస్‌పోర్టునూ మొహాన్నీ మార్చి మార్చి చూసేటప్పుడు, వాళ్ల గుండె ఎట్లా కొట్టుకుంటుందో ఆ తల్లిదండ్రులకు తెలుసు. అక్కడ మన పిల్లవాడు ముసాఫిర్. ఇక్కడ ఆ తాపీ మేస్త్రీ ముసాఫిర్. తేడా ఏముంది?

కాబట్టి సొసైటీ పెద్దలకు నాదొక చిన్న మనవి. మన ఆఫీసు ముందు ఒక నీళ్ల కుండ పెడదాం. దగ్గరలోని ఆసుపత్రి, బస్టాండు, పోలీసు స్టేషను, మందుల షాపు దారి తెలిపే బోర్డు ఒకటి తెలుగు, ఉర్దూ, హిందీలతోపాటు బెంగాలీ, ఒరియా అక్షరాల్లో కూడా రాయిద్దాం. ఖర్చు ఎక్కువేమీ కాదు. బోర్డు రాయించే ఖర్చు నేను పెట్టుకుంటాను. ఇంట్లో పిల్లలకు కూడా ఒక అలవాటు నేర్పుదాం: గుమ్మంలో కొత్త మనిషి నిలబడితే ముందు నీళ్లు, తరువాత "ఏం కావాలి?", ఆ తరువాతే పేరు.

ఆనాడు నేను ఆ వరుసను తలకిందులు చేశాను. చదువుకున్నవాణ్ణి నేను, ఏ చరిత్రా చదవని టీ కొట్టు ముసలాయన మాత్రం వరుస తప్పలేదు. ముసాఫిర్లను గుర్తించే చూపును, గుర్తించకముందే ఆదరించే మనసును అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.